కొత్త దంతవైద్యశాల కడుతున్నాను: ఎవరినీ గడప దగ్గరే ఆపేయకుండా ఉండాలంటే ఏం చేయాలి?

ప్రశ్న
అడిగినవారు: దంతవైద్యురాలు, గోపాలపట్నం

అందరికీ నమస్కారం. చదువు పూర్తయ్యాక కొన్నేళ్లు ఇతరుల క్లినిక్కుల్లో పనిచేసి, ఇప్పుడు విశాఖపట్నంలోని గోపాలపట్నంలో మెయిన్ రోడ్డుకు దగ్గరగా ఒక స్థలం అద్దెకు తీసుకున్నాను. కింది అంతస్తే. రెండు దంతవైద్య కుర్చీలు పట్టే గది, దాని ముందు చిన్న హాలు, వెనుక మరుగుదొడ్డి ఉన్నాయి. రోడ్డుకూ గుమ్మానికీ మధ్య మురుగు కాలువ, దాని మీద పలక, ఆపైన మూడు మెట్లు. లోపలి పనులు ఇంకా మొదలు కాలేదు కాబట్టి, గోడలు లేపక ముందే, నేలలో గొట్టాలు వేయక ముందే మీ అందరినీ అడగాలనుకున్నాను.

ఇన్నాళ్లూ పనిచేసిన చోట్ల మేము వచ్చినవారికి వైద్యం చేశాం గానీ, రాలేకపోయినవారు ఎవరని ఎన్నడూ ఆలోచించలేదు. పక్షవాతం వచ్చిన పెద్దాయన కొడుకు ఒక్కడే వచ్చి, "నాన్నగారిని మెట్లెక్కించలేమండీ, నొప్పికి ఏదైనా మాత్ర రాసివ్వండి" అని అడిగేవాడు. ఆటిజం ఉన్న పిల్లవాణ్ణి తీసుకొచ్చిన తల్లి, హాల్లో అందరూ తిరిగి చూస్తుంటే, లోపలికి రాకుండానే వెళ్లిపోయేది. వినికిడి లేని అమ్మాయికి, మాస్కు వెనుక నుంచి మేము చెప్పే మాటలేవీ అందేవి కావు. ఆమె తలూపితే ఒప్పుకున్నట్టేనని పని మొదలుపెట్టేవాళ్లం. వీళ్లెవరికీ వచ్చిన జబ్బు వేరేదేమీ కాదు. అందరికీ వచ్చే పిప్పిపళ్లే, అందరికీ వచ్చే చిగుళ్ల వాపే. కానీ ఆ చిన్న జబ్బు వాళ్ల విషయంలో పన్ను తీసేయవలసిన స్థితికి వచ్చేదాకా చికిత్స అందదు.

రూపకల్పన గురించి నేను చదివిన కొద్దిపాటిలో అన్నిటికన్నా ముందు కనిపించిన సూత్రం, వాడబోయేవారిని మొదట్లోనే అడగమని, కట్టాక కాదు కట్టేటప్పుడే వాళ్లను కూర్చోబెట్టుకోమని. అందుకే ఈ ప్రశ్న తోటి దంతవైద్యులను మాత్రమే కాక, దంతవైద్యం పొందడంలో ఇబ్బంది పడినవారిని, వాళ్ల ఇంటివారిని కూడా ఉద్దేశించి రాస్తున్నాను. నా చేతిలో ఉన్న డబ్బు పరిమితం. అందువల్ల మూడు విషయాలు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఇప్పుడు చేయకపోతే తరువాత మార్చలేనివి ఏవి? డబ్బు ఖర్చు లేకుండా, పని చేసే పద్ధతి మార్చుకుంటే సరిపోయేవి ఏవి? వికలాంగులకోసం వారంలో ఒక రోజు ప్రత్యేకంగా కేటాయించమని ఒక స్నేహితురాలు సలహా ఇచ్చింది, అది మంచిదేనా?

జవాబు 1
బ్యాంకు ఉద్యోగి, వీల్‌చైర్ వాడేవారు, అక్కయ్యపాలెం

డాక్టర్ గారికి నమస్కారం. వెన్నుపాము దెబ్బతిన్నప్పటి నుంచి నేను వీల్‌చైర్‌లోనే తిరుగుతున్నాను. చివరి ప్రశ్నకు ముందు జవాబిస్తాను: ప్రత్యేకమైన రోజు వద్దు. పంటినొప్పి మంగళవారమే వస్తానని మాట ఇవ్వదు. నేను ఉద్యోగం చేసేవాణ్ణి, సెలవు దొరికిన రోజునే రాగలను. ఒక రోజు కేటాయించారంటే తక్కిన ఆరు రోజులూ నేను రాకూడదని సిబ్బంది అర్థం చేసుకుంటారు.

నా విషయంలో మీ క్లినిక్ గుమ్మం దగ్గర మొదలవదు, ఫోన్ దగ్గర మొదలవుతుంది. ఇంటి నుంచి బయలుదేరే ముందే మెట్లెన్ని, తలుపు వెడల్పెంత, మరుగుదొడ్డిలోకి వీల్‌చైర్ వెళుతుందా, ఆటో ఎక్కడ ఆపుకోవచ్చు అన్నవి నాకు తెలియాలి. ఫోన్ ఎత్తిన అమ్మాయి "ఏం పర్లేదు సార్, మావాళ్లు ఎత్తుకుంటారు" అంటే నేను రాను. నన్ను ఎత్తడం తెలియనివాళ్లు ఎత్తితే భుజం జారుతుంది, చర్మం ఒరుసుకుపోతుంది, అది మానడానికి నెలలు పడుతుంది. గుమ్మం, తలుపు, మరుగుదొడ్డి, కుర్చీ ఫోటోలు తీసి, కొలతలు రాసి, గూగుల్ మ్యాప్స్‌లో మీ క్లినిక్ పేరు కింద పెట్టండి. దానికి పైసా ఖర్చు లేదు, మాకు మాత్రం బయలుదేరాలా వద్దా అన్నది అక్కడే తేలుతుంది.

ఇక కుర్చీ సంగతి. దంతవైద్య కుర్చీలు కొనేటప్పుడు ఎంత పైకి లేస్తుందో చూస్తారు గానీ, ఎంత కిందికి దిగుతుందో ఎవరూ చూడరు. వీల్‌చైర్ సీటు ఎత్తుకు సమానంగా దిగగలిగితేనే నేను పక్కకు జరిగి అందులోకి మారగలను. నేను మారే వైపు చేతిపట్టు పక్కకు తిరిగిపోవాలి, లేదా ఊడి రావాలి. ఆ వైపు ట్రే గాని, ఉమ్మి వేసే గిన్నె గాని, నేల మీద గొట్టాల పెట్టె గాని అడ్డం ఉండకూడదు. వీల్‌చైర్ దగ్గరగా ఆనించి నిలిపేంత ఖాళీ కావాలి. నున్నగా చేసిన జారుడు పలక ఒకటి దగ్గర పెట్టుకుంటే, రెండు సీట్ల మధ్య వంతెనలా వేసి చాలామంది వాళ్లంతట వాళ్లే జరగగలుగుతారు. మారడం ఇష్టం లేనివారు, మారలేనివారు కూడా ఉంటారు. వాళ్లకు వీల్‌చైర్ వెనుక తగిలించే తల ఆనిక, కదిలే దీపం ఉంటే, వాళ్ల కుర్చీలోనే చాలా పనులు చేయవచ్చు.

ఇంకొక విషయం ఉంది, దీన్ని దంతవైద్యులు తప్పకుండా తెలుసుకోవాలి. ఛాతీ మధ్య భాగానికి పైన వెన్నుపాము దెబ్బతిన్నవారికి మూత్రాశయం నిండినా, ఎక్కడైనా ఒత్తిడి పడినా, నొప్పి తెలియకపోయినా రక్తపోటు ఒక్కసారిగా ప్రమాదకరంగా పెరిగిపోవచ్చు. తల పగిలిపోతున్నట్టు నొప్పి, ముఖం ఎర్రబడటం, చెమటలు దాని గుర్తులు. అప్పుడు వెంటనే కుర్చీని నిటారుగా లేపి, బిగుతుగా ఉన్న బట్టలు వదులు చేసి, కారణం వెతకాలి. తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పంపాలి. అంటే మాకు మరుగుదొడ్డి అందుబాటులో ఉండటం సౌకర్యం కోసం కాదు, అది చికిత్సలో భాగమే. కుర్చీ ఎక్కే ముందు మరుగుదొడ్డి వాడుకునే వీలు ఇవ్వండి. మా గాలి దిండును దంతవైద్య కుర్చీ మీద వేయనివ్వండి. చాలాసేపు పట్టే పని అయితే మధ్యలో బరువు మార్చుకోవడానికి ఆగండి. ఎలా సాయం చేయాలో మీరు ఊహించకండి, నన్ను అడగండి. సమాధానం నా దగ్గర సిద్ధంగా ఉంటుంది.

జవాబు 2
ఆర్కిటెక్ట్, సీతమ్మధార

మీ మొదటి ప్రశ్నకు నేను జవాబిస్తాను, ఎందుకంటే ఇప్పుడు తప్పిపోతే తరువాత దిద్దుకోలేనివి దాదాపు అన్నీ నేలలోనూ గోడలలోనూ ఉన్నాయి.

మూడు మెట్లంటే సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తు. ర్యాంపుకు వాలు 1:12 కన్నా నిటారుగా ఉండకూడదు. అంటే 45 సెంటీమీటర్ల ఎత్తుకు 5.4 మీటర్ల పొడవు కావాలి, మొదట్లోనూ చివర్లోనూ వీల్‌చైర్ ఆగి తిరగడానికి చదునైన చోటు అదనం. మన ఊళ్లో చాలా దుకాణాల ముందు కనిపించే ర్యాంపులు స్కూటర్ ఎక్కించడానికి వేసినవి. వాటి మీద వీల్‌చైర్ వెనక్కి పల్టీ కొడుతుంది. మీ ముందు కాలువ ఉందంటున్నారు కనుక అంత పొడవు రోడ్డు వైపు దొరకదు, కాలువ మీదికి, రోడ్డు మీదికి కట్టడం కూడా సరి కాదు. భవనం పక్క సందులో గోడ వెంబడి తీసుకెళ్లి పక్క తలుపులోంచి లోపలికి తేగలరేమో ముందు కొలిపించండి. ఆ తలుపునే అందరికీ ప్రధాన ద్వారం చేయండి. చెప్పులు, చీపుర్లు పెట్టే వెనక దారిని వీల్‌చైర్ వారికి కేటాయించడం నాకు ఏ మాత్రం నచ్చదు. సందు కూడా లేకపోతే, గుమ్మం లోపలి నేలను కొంత దించి ఎత్తును రెండు భాగాలుగా పంచడమో, పొట్టి ప్లాట్‌ఫాం లిఫ్టు పెట్టడమో చేయాలి. రెండోదానికి ఖర్చుతో పాటు కరెంటు పోయినప్పుడు ఏం చేయాలన్న ఏర్పాటు కూడా కావాలి.

తలుపు తెరిచాక మిగిలే ఖాళీ 900 మిల్లీమీటర్లు ఉండాలి. చట్రం కొలత కాదు, ఖాళీ కొలత. వీల్‌చైర్ పూర్తిగా వెనక్కి తిరగడానికి 1500 మిల్లీమీటర్ల వృత్తం హాల్లోనూ, మరుగుదొడ్డిలోనూ, కనీసం ఒక కుర్చీ పక్కనా వదలాలి. మీరు రెండు కుర్చీలు పెట్టే గదిలో ఒకదాన్ని గోడకు మరీ దగ్గరగా జరిపి, రెండోదాని పక్కన ఈ ఖాళీ సంపాదించవచ్చు. అందుకే కుర్చీ ఎక్కడో నిర్ణయించాకే నేల తవ్వించి నీళ్లు, గాలి, సక్షన్ (నోట్లోని నీళ్లను పీల్చే) గొట్టాలు వేయించండి. మరుగుదొడ్డి తలుపు బయటికి తెరుచుకోవాలి, ఎందుకంటే లోపల ఎవరైనా పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపు వాళ్లనే అడ్డుకుంటుంది. పట్టుకునే కడ్డీలు బిగించే చోట గోడను ఇప్పుడే గట్టిగా కట్టించండి. రిసెప్షన్ బల్లలో ఒక భాగం 75 నుంచి 80 సెంటీమీటర్ల ఎత్తులో ఉంచండి. నేలకు మెరిసే టైల్స్ వద్దు; చూపు మందగించిన పెద్దవారికి ఆ మెరుపు నీళ్లలా కనిపిస్తుంది. మెట్ల అంచులకు వేరే రంగు వేయించండి. బయటి కడ్డీలకు మామూలు ఇనుము వాడితే మన ఉప్పుగాలికి రెండు వానాకాలాలు గడిచేసరికి తుప్పు పెచ్చులు చేతికి గుచ్చుకుంటాయి, కాబట్టి మంచి రకం స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి.

ఇవన్నీ దయతో చేసే పనులని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 25వ సెక్షన్, ప్రభుత్వ ఆసుపత్రులతో పాటు ప్రైవేటు ఆసుపత్రులలో, ఇతర ఆరోగ్య కేంద్రాలలో అన్ని భాగాలకూ అడ్డంకులు లేని ప్రవేశం ఉండాలని, వైద్యంలో వారికి ప్రాధాన్యం ఇవ్వాలని చెబుతోంది. కొలతలు కేంద్ర ప్రభుత్వం 2021లో వెలువరించిన సార్వత్రిక సౌలభ్య మార్గదర్శకాల్లో దొరుకుతాయి. ఇటువంటి ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి నియమాలు చేయాలని 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. అందరికీ పనికొచ్చే రూపకల్పన అన్న ఆలోచనకు పేరు తెచ్చిన రోనాల్డ్ మేస్ స్వయంగా ఆర్కిటెక్టు, చిన్నతనంలో పోలియో సోకి వీల్‌చైర్ వాడినవాడు. ఆయన బృందం 1997లో ప్రకటించిన ఏడు సూత్రాల్లో ఒకటి, ఎవరినీ వేరు చేసి చూపకూడదన్నదే. మీ స్నేహితురాలి ప్రత్యేక దినం సలహా ఆ సూత్రం దగ్గరే విఫలమవుతుంది.

జవాబు 3
ఆటిజం ఉన్న బాబు తల్లి, ఎంవీపీ కాలనీ

పైన ఇద్దరూ రాసినది చదివాను. ప్రత్యేక దినం వద్దన్న మాటతో నాకు పేచీ లేదు గానీ, ప్రత్యేకమైన వేళ మాత్రం మాలాంటివారికి చాలా అవసరమని చెప్పాలి. మా బాబుకు మాటలు లేవు. వాడికి మెట్లు అడ్డం కావు, తలుపు అడ్డం కాదు. హాల్లో టీవీ మోత, పక్క గదిలో డ్రిల్ కూత, కంప్రెసర్ ఒక్కసారిగా మొదలైనప్పటి ఉలికిపాటు, ముఖం మీద పడే దీపం, లవంగనూనె వాసన, తెలియని వేళ్లు పెదవి మీద తగలడం, ఇవి అడ్డం. ఇవన్నీ ఒకేసారి మీద పడితే వాడు అరుస్తాడు, అరిస్తే అందరూ పెంపకం గురించి మాట్లాడతారు.

రోజూ క్లినిక్ తెరిచిన మొదటి అరగంట నిశ్శబ్దంగా ఉండేలా చూడండి. టీవీ కట్టేసి, పెద్ద దీపాలు తగ్గించి, ఒక్కరినే పిలవండి. ఆ వేళకు వికలాంగుల సమయమని పేరు పెట్టవద్దు; భయపడే పెద్దవాళ్లు, నిద్ర సరిగా లేని ముసలివాళ్లు, ఎవరు కోరితే వాళ్లు రావచ్చు. కంప్రెసర్‌ను గదికి దూరంగా, వీలైతే బయట గూడు కట్టించి పెట్టించండి. ఆర్కిటెక్ట్ గారు చెప్పిన మార్చలేని వాటిలో దీన్ని కూడా కలపాలి. హాల్లో కూర్చోలేని పిల్లలు ఆటోలోనో కారులోనో ఉండి, వంతు వచ్చినప్పుడు ఫోన్ చేస్తే లోపలికి వచ్చే పద్ధతి పెట్టండి.

మా బాబు విషయంలో నిజంగా పనిచేసినది బొమ్మల వరస. గుమ్మం, హాలు, కుర్చీ, డాక్టరు మాస్కుతో, డాక్టరు మాస్కు లేకుండా, చిన్న అద్దం, దీపం, ఇంటికి తిరిగి వెళ్లడం, ఈ క్రమంలో అదే క్లినిక్‌లో తీసిన ఫోటోలు మాకు ముందుగా పంపారు. ఇంట్లో రోజూ చూపించాం. మొదటిసారి వెళ్లినప్పుడు కుర్చీలో కూర్చుని దిగి వచ్చేశాడు, అంతే. తరువాత అద్దం. ఆ తరువాత పళ్లు లెక్కపెట్టడం. చెప్పి, చూపించి, ఆపైన చేసే ఈ పద్ధతి పిల్లల దంతవైద్యంలో 1959 నుంచీ ఉన్నదేనట. మా పిల్లల దగ్గర దాన్ని ఇంకా చిన్న ముక్కలుగా చేయాలి, అంతే తేడా. ఎక్స్‌రే తీసేటప్పుడు వేసే బరువైన సీసపు ఆప్రాన్‌ను ఒడిలో వేస్తే వాడు నెమ్మదిస్తాడని అక్కడే తెలిసింది. కొందరు పిల్లలకు ఆ బరువు ఊరటనిస్తుంది, కొందరికి చిరాకు పుట్టిస్తుంది, అందుకే అడగాలి. మీ కేస్ షీటులో మూడు ప్రశ్నలు చేర్చండి: ఏం చేస్తే మీ బిడ్డ కుదుటపడతాడు, దేనికి బెదురుతాడు, "ఆపండి" అని ఎలా చెబుతాడు. మూడోదానికి జవాబు తెలియకుండా ఎవరి నోట్లోనూ చెయ్యి పెట్టవద్దని నా ప్రార్థన. కాళ్లూ చేతులూ పట్టుకుని పని కానిచ్చేస్తే ఆ రోజుకు పన్ను బాగవుతుంది, ఆ తరువాత వాడు జన్మలో నోరు తెరవడు.

మందుల సంగతి కూడా అడగండి. మా పిల్లల్లో మూర్ఛ ఉన్నవారు ఎక్కువ. తియ్యటి సిరప్‌లు రాత్రి పడుకునే ముందు తాగించి నోరు కడగకపోతే పళ్లు పుచ్చిపోతాయి. ఫెనిటోయిన్ వాడేవారిలో చిగుళ్లు పెరిగి పళ్లను కప్పేస్తాయి. మందు ఆపమని కాదు, మందు రాసిన డాక్టరుతో మీరు మాట్లాడాలని.

అడిగినవారి స్పందన
దంతవైద్యురాలు, గోపాలపట్నం

మీ ముగ్గురికీ ఎంతో రుణపడి ఉన్నాను. పక్క సందు కొలిపించాను, ర్యాంపుకు చోటు సరిపోతుంది. ఇంటి యజమాని కూడా ఒప్పుకున్నారు. కంప్రెసర్ బయటికి మారుతుంది. ప్రత్యేక దినం ఆలోచన మానేసి, ఉదయం నిశ్శబ్దపు వేళ పెడతాను.

ఇంకొక సందేహం. ఇంతవరకు వచ్చిన జవాబులన్నీ క్లినిక్ దాకా రావాలనుకునేవారి గురించి. పంటి డాక్టరు దగ్గరకు వెళ్లాలన్న ఆలోచనే లేనివారి మాటేమిటి? జాలరిపేటల్లోని ఆడవాళ్లు, మంచం మీద ఉన్న వృద్ధులు, వీళ్లకోసం ఒక చిన్న ప్రైవేటు క్లినిక్ ఏం రూపొందించగలదు?

జవాబు 4
విశ్రాంత అధ్యాపకుడు, సామాజిక దంతవైద్యం, భీమిలి

అమ్మా, చివరకు అడిగిన ప్రశ్నే అన్నిటికన్నా పెద్దది. నోటి జబ్బులు ప్రపంచంలో సుమారు 350 కోట్ల మందికి ఉన్నాయని, వారిలో ప్రతి నలుగురిలో ముగ్గురు మధ్యాదాయ దేశాలవారేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించింది. ఆ ముగ్గురిలో చాలామందికి మన కుర్చీ ఎత్తుతో నిమిత్తం లేదు, ఎందుకంటే వాళ్లు దాన్ని ఎప్పటికీ చూడరు.

జాలరిపేటల మాట ఎత్తావు కాబట్టి అడ్డపొగ గురించి చెప్పాలి. మన ఉత్తర కోస్తాలో చుట్టను నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని తాగే అలవాటు ఉంది, ముఖ్యంగా వయసు మళ్లిన ఆడవాళ్లలో. సముద్రపు గాలికి నిప్పు ఆరదని, చేతిలో పని ఉండగా బూడిద రాలదని వాళ్లు చెబుతారు. ఆ వేడికి, పొగకు అంగిలి తెల్లగా మందంగా మారుతుంది, దాని మీద ఎర్రటి చుక్కలు లేస్తాయి, కొన్నిచోట్ల సహజమైన రంగు పోతుంది, పుండ్లు పడతాయి. మిగతా ప్రాంతాల్లో అరుదుగా కనిపించే గట్టి అంగిలి క్యాన్సర్ మన దగ్గర కనిపించడానికి కారణం ఇదే. ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామీణుల అంగిళ్లను పరీక్షించి చేసిన అధ్యయనం 1971లోనే అచ్చయింది. అంటే సంగతి వైద్యలోకానికి కొత్త కాదు. కొత్తగా నేర్చుకోవలసింది ఆ మనిషిని ఎలా అడగాలన్నది.

మీ కేస్ షీటులో "ధూమపానం: ఉంది, లేదు" అని ఉంటుంది. రిసెప్షన్‌లో పదిమంది మధ్య ఆ ప్రశ్న అడిగితే ఆమె లేదంటుంది. అబద్ధం చెప్పాలని కాదు. సిగరెట్లు తాగేది మగవాళ్లు, తను తాగేది చుట్ట. పైగా కోడలు పక్కనే కూర్చుని ఉంటుంది. అందుచేత లోపల, తలుపు వేశాక, ఆమె మాటల్లోనే, "చుట్ట అలవాటుందా అమ్మా, అడ్డపొగేనా?" అని మామూలు గొంతుతో అడగాలి. ఉందన్నా లేదన్నా, ప్రతి ఒక్కరి అంగిలీ చూడాలి. కట్టుడు పళ్లుంటే తీయించి, వాటి కింద చూడాలి. ఆ పరీక్షకు ఒక నిమిషం చాలు, ఖర్చేమీ లేదు. అనుమానం కలిగితే అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి గాని, కేజీహెచ్‌కు (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) గాని చీటీ రాసి చేతిలో పెట్టి ఊరుకోవద్దు. ఏ రోజు వెళ్లాలో, ఏ బస్సెక్కాలో, అక్కడ ఎవరిని కలవాలో కనుక్కుని చెప్పి, వెళ్లిందో లేదో ఫోన్ చేసి తెలుసుకోవాలి. నేను చూసినంతవరకు ఇటువంటివారు జారిపోయేది పరీక్ష దగ్గర కాదు, పరీక్షకూ పెద్దాసుపత్రికీ మధ్యనే.

వేళల విషయం కూడా ఆలోచించు. చేపలమ్మే ఆడవాళ్లు తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి, సరుకు అమ్ముడయ్యేసరికి మధ్యాహ్నమవుతుంది. మన క్లినిక్కులు సరిగ్గా అప్పుడే భోజనానికి మూసి సాయంత్రం తెరుస్తాయి. సాయంత్రం ఆమెకు వంట పని. వారంలో కొన్ని మధ్యాహ్నాలు తెరిచి ఉంచితే, అపాయింట్‌మెంట్ లేకుండా బుట్టతోనే లోపలికి రావచ్చని తెలిస్తే, ఆమె వస్తుంది. బుట్ట పెట్టుకోవడానికి నీడన ఒక చోటు చూపించాలి, అది చాలా ముఖ్యం, అది ఆమె ఆ రోజు జీవనాధారం.

మంచం మీద ఉన్నవారి ఇళ్లకు వెళ్లేటప్పుడు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. కరెంటుతో, డ్రిల్‌తో పని లేకుండా చేతి పరికరాలతో పుచ్చును గీకి, గ్లాస్ అయనోమర్ సిమెంటు నింపే పద్ధతి 1980లలో టాంజానియాలో మొదలై చాలా దేశాలకు వ్యాపించింది. పుచ్చు మీద పూసి, అది ఇంకా పాకకుండా ఆపే 38 శాతం సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ ఉంది. ఆ సిమెంటునూ ఈ పూత మందునూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. కుర్చీలో కదలకుండా కూర్చోలేని పిల్లలకు, మతిమరుపు జబ్బున్న పెద్దలకు ఆ పూత వరమనే అంటాను. అయితే పూసిన చోట పుచ్చు నల్లగా మారి అలాగే ఉండిపోతుంది. వెనక పళ్లయితే ఎవరికీ పట్టింపు ఉండదు, ముందు పళ్లయితే ఉంటుంది. ఆ నలుపు ఎలా ఉంటుందో ఫోటోలో చూపించి, ఆ మనిషే ఒప్పుకున్నాక పూయాలి. "ఎలాగూ మంచం మీదే కదా, నల్లగా ఉంటే ఏం" అని ఇంటివారు అన్నా సరే, ఆ పెద్దావిడ నవ్వు ఆవిడది. వెండి పడనివారికి, పుచ్చు పన్ను నరం దాకా చేరినవారికి ఇది పనికిరాదు. ఏడాదికి రెండుసార్లు పూస్తే ఒక్కసారి పూసినదానికన్నా బాగా నిలుస్తుంది.

పైన బాబు తల్లిగారు చెప్పినదాని గురించి ఒక మాట. అటువంటి పిల్లలకు ఎక్కువ సమయం పడుతుంది కనుక ఎక్కువ రుసుము తీసుకోవచ్చా అని యువ వైద్యులు నన్ను అడుగుతుంటారు. తీసుకోవద్దని నా అభిప్రాయం. మొదటి పరిచయపు రాకలకు అసలు తీసుకోకు. ఆ పిల్లవాడికి రేపు మత్తు ఇచ్చి ఆపరేషన్ థియేటర్లో పళ్లు తీయవలసిన అవసరం ఈ చిన్న రాకల వల్లనే తప్పుతుంది.

జవాబు 5
వినికిడి లోపం ఉన్న ఉపాధ్యాయిని, పెందుర్తి

క్లుప్తంగా రాస్తున్నాను. అపాయింట్‌మెంట్‌కు ఫోన్ ఒక్కటే దారిగా పెట్టవద్దు, వాట్సాప్‌లో రాసి అడిగే వీలుండాలి. హాల్లో పేరు పెట్టి కేకేస్తే నాకు వినపడదు, దగ్గరకు వచ్చి చెయ్యి ఊపండి. మాట్లాడేటప్పుడు మాస్కు దించి, దూరం పాటించి, నా వైపు తిరిగి మాట్లాడండి, లేదా పారదర్శకమైన మాస్కు వాడండి. కుర్చీ వెనక్కి వాల్చాక మీ ముఖం తలకిందులుగా కనిపిస్తుంది, పెదవులు చదవలేం, నోట్లో పరికరాలు ఉంటే అడగలేం. అందుకే చెప్పవలసినదంతా వాల్చక ముందే చెప్పాలి. నొప్పి, ఆపండి, ఉమ్మాలి, అయిపోయింది, ఈ నాలుగింటికి చేతి సైగలు ముందే అనుకుందాం. డ్రిల్ శబ్దానికి వినికిడి యంత్రం కూత పెడుతుంది కాబట్టి కట్టేస్తాం. తిరిగి పెట్టుకునే దాకా జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టవద్దు. తలూపడం ఒప్పుకోవడం కాదని మీరు గమనించినందుకు సంతోషం. కాగితం మీద తేలిక తెలుగులో రాసి ఇవ్వండి. సంజ్ఞాభాషే మొదటి భాషగా పెరిగినవారికి రాసిన తెలుగు కూడా కష్టమే; వాళ్లకు వీడియో కాల్‌లో దుబాసీ అవసరమవుతారు.

జవాబు 6
ఫిజియోథెరపిస్టు, మద్దిలపాలెం

పక్షవాతం వచ్చినవారితో రోజూ పనిచేస్తాను కాబట్టి, మీ ప్రశ్నలో మొట్టమొదట కనిపించిన ఆ పెద్దాయన గురించి రాస్తాను. మింగడం కష్టమైనవారిని పూర్తిగా వెనక్కి వాల్చకూడదు; నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సుమారు 45 డిగ్రీల వాలులో కూర్చోబెట్టి, నీళ్లు తక్కువగా వాడి, సక్షన్ గట్టిగా పెట్టుకోండి. పడిపోయిన వైపు బుగ్గలో అన్నం మెతుకులు గంటల తరబడి నిలిచిపోతాయి, వారికి తెలియదు. పరీక్ష అక్కడి నుంచి మొదలుపెట్టండి. మాట పోయినవారికి అర్థం చేసుకునే శక్తి పోయిందని అనుకోకండి. అవును, కాదు, నొప్పి, నీళ్లు అని బొమ్మలతో ఒక అట్ట ఉంచి, ప్రశ్న కొడుకును కాదు, ఆయననే అడగండి. రక్తం పలుచబడే మందులను, అవి రాసిన వైద్యుణ్ణి అడగకుండా ఆపించవద్దు.

అయితే నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇంటి దగ్గరి బ్రష్ గురించి. మీరు ఎంత చక్కగా శుభ్రం చేసి పంపినా, మర్నాటి నుంచి ఆయన పళ్లు ఎవరు తోముతారు, ఏ చేత్తో తోముతారు? బ్రష్ పిడి సన్నంగా ఉంటుంది, పట్టు తగ్గిన వేళ్లు దాన్ని నిలపలేవు. సైకిల్ హ్యాండిల్‌కు తొడిగే రబ్బరు గ్రిప్ కొని పిడికి తొడిగితే చాలామంది తమంతట తాము తోముకోగలుగుతారు. కంచరపాలెంలో ఏ సైకిల్ దుకాణంలోనైనా దొరుకుతుంది. పిడికిలి అసలు మూసుకోనివారికి, అరచేతి చుట్టూ తిరిగే వెల్క్రో పట్టీలో బ్రష్ దూర్చాలి. కట్టుడు పళ్లున్నవారు ఒంటి చేత్తో వాటిని కడగలేరు కాబట్టి, వాషు బేసిన్ గోడకు అతుక్కునే రబ్బరు కప్పులున్న బ్రష్ ఇచ్చి, పళ్లనే దాని మీద రుద్దుకోమనండి. బేసిన్‌లో కొన్ని నీళ్లు నింపమని చెప్పండి, జారి పడినా పగలవు. ఇంటివారు తోమవలసి వస్తే, ఎదురుగా నిలబడి కాకుండా, పక్కనో వెనుకనో నిలబడి గడ్డాన్ని ఒక చేత్తో ఆనించి తోమాలి. అది మాటల్లో చెబితే రాదు, మీ కుర్చీ దగ్గరే వాళ్ల చేత చేయించి చూడాలి.

మీ హాల్లో ఒక వాషు బేసిన్‌ను కూర్చుని వాడుకునే ఎత్తులో, కింద మోకాళ్లు దూరేలా ఖాళీ వదిలి పెట్టించండి. ఈ అభ్యాసమంతా అక్కడ చేయించవచ్చు. ర్యాంపు పని మొదలయ్యేలోపే ఆ నీటి గొట్టం ఎక్కడికి రావాలో ఆర్కిటెక్ట్ గారితో గుర్తు పెట్టించుకోండి. ఆయన గీసిన నక్షా ఇక్కడ పెడితే, పైన రాసిన అక్కయ్యపాలెం మిత్రుడూ నేనూ కలిసి వచ్చి, నేల మీద సుద్దతో గీసిన గీతల మధ్య వీల్‌చైర్ తిప్పి చూస్తాం.